ఆశ్వాసాంత గద్య నుండి ట్యాగ్‌లైన్ వరకు: పరిచయవాక్యాన్ని విస్తరించుకునే విధానం

వ్యాససంగ్రహం:

రచయిత పేరు పక్కన నిలిచే ఒక్క వాక్యం అతని కృషి అంతటికీ ప్రతినిధి అవుతుంది. కృషి పరిధి పెరిగినప్పుడు ఆ వాక్యాన్ని ఎలా మార్చుకోవాలన్నది నేటి ప్రచారరంగం 'వ్యక్తిగత బ్రాండ్', 'ట్యాగ్‌లైన్' అనే మాటలతో చర్చిస్తున్న విషయం. తెలుగు సాహిత్యానికి ఈ సమస్య కొత్తది కాదు. తిక్కన ఆశ్వాసాంత గద్యల్లోని మార్పును, గుఱ్ఱం జాషువ, బోయి భీమన్నల స్వీయనామకరణాలను ప్రధానంగా పరిశీలించి, పరిశోధకులు తమ పరిచయవాక్యాన్ని విస్తరించుకోవడానికి అవి చూపే మార్గాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరిచయవాక్యం, ట్యాగ్‌లైన్, ఆశ్వాసాంత గద్య, బిరుదు, తిక్కన, జాషువ, బోయి భీమన్న, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:

అమెరికా రచయిత టామ్ పీటర్స్ 1997లో 'ఫాస్ట్ కంపెనీ' పత్రికలో రాసిన ఒక వ్యాసంతో 'వ్యక్తిగత బ్రాండ్' అనే భావన ప్రాచుర్యంలోకి వచ్చింది. సబ్బుకూ శీతలపానీయానికీ ఉన్నట్లే మనిషికీ ఒక గుర్తింపు ఉండాలని, దానిని అతడే తీర్చిదిద్దుకోవాలని ఆ భావన సారాంశం. ఆ గుర్తింపును క్లుప్తంగా చెప్పే పదబంధమే ట్యాగ్‌లైన్. అంగడి నుండి వచ్చిన మాటలు కనుక సాహిత్య విద్యార్థులు వీటిని చిన్నచూపు చూడటం సహజం. ఈ వ్యాసంలో ట్యాగ్‌లైన్‌కు 'పరిచయవాక్యం' అనే మాటను వాడుతున్నాను.

మాట ఏదైనా, అవసరం మాత్రం మన ముంగిట్లోనే ఉంది. పరిశోధనపత్రిక రచయిత వివరాలు అడుగుతుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే 'విద్వాన్' జాలస్థలి పరిశోధనరంగాన్ని అడుగుతుంది. సదస్సు ఆహ్వానపత్రం మీద పేరు కింద ఒక వరుస ఖాళీ ఉంటుంది. శతకసాహిత్యంపై పిహెచ్.డి. పట్టం పొందిన అధ్యాపకుడు ఆ ఖాళీలో 'శతకసాహిత్య పరిశోధకులు' అని రాసుకుంటాడు. పదేళ్ల తరువాత అతని కృషి శాసనభాషకో, బాలసాహిత్యానికో, అనువాదానికో విస్తరించి ఉండవచ్చు. వాక్యం మాత్రం మొదటి చోటనే ఆగి ఉంటుంది. పర్యవేక్షకుని కోసం వెదికే విద్యార్థి, వ్యాసానికి సమీక్షకుని ఎంపిక చేసే సంపాదకుడు, ఉపన్యాసకుని పిలిచే నిర్వాహకుడు చదివేది ఆ వాక్యాన్నే. శతకం దాటిన కృషి వారికి కనిపించదు.

దీనికి విరుగుడుగా చాలామంది చేసేది మరింత హాని చేస్తోంది. 'కవి, విమర్శకుడు, అనువాదకుడు, వక్త, సామాజికవేత్త' అని వరుసపెట్టిన పరిచయాలు మన సంచికల్లో కొల్లలు. అయిదు మాటలు చదివినా ఆ మనిషి ఏమి చేశాడో తెలియదు. ఇరుకైన వాక్యం కృషిలో కొంతైనా చూపుతుంది. ఇటువంటిది ఏదీ చూపదు. పాత గుర్తింపు చెడకుండా, లేనిది చెప్పకుండా, పరిధిని పెంచి చెప్పడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. దీనికి తెలుగులో ఏడువందల ఏళ్లకు పైబడిన సమాధానం ఒకటి ఉంది.

2. తిక్కన రెండు గద్యలు:

ప్రాచీనకావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివర వచ్చే గద్య కవి తన పరిచయాన్ని తానే రాసుకునే చోటు. వంశం, తండ్రి పేరు, దైవానుగ్రహం, తన విశేషణం, తన పేరు, కావ్యం పేరు ఒక క్రమంలో వస్తాయి. పోతన తన గద్యలో 'సహజపాండిత్య' అన్న విశేషణంతో నిలిచాడు. మొల్ల తన తండ్రి కేసనసెట్టిని పేర్కొంది. గద్య ఆశ్వాసం ఆశ్వాసానికీ పునరావృతమవుతుంది కాబట్టి చదువరికి, వినేవారికి అది కంఠస్థమైపోతుంది. ట్యాగ్‌లైన్ పనిచేసే తీరు కూడా ఇదే: ఒకే రూపం, మళ్లీ మళ్లీ, ఒకే చోట.

తిక్కన మొదటి కావ్యం నిర్వచనోత్తర రామాయణం. వచనం లేకుండా పద్యాలతోనే నడిపిన ఆ కావ్యంలో కూడా ఆశ్వాసాంత గద్య తప్పలేదన్నది గమనార్హం. కవికి తన పరిచయం అంత అవసరమన్నమాట. దానిని నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి అంకితం చేశాడు. ఆ గద్యలో తిక్కన 'ఉభయకవిమిత్రుడు', కొమ్మనామాత్యుని పుత్రుడు, 'బుధారాధనవిధేయుడు', 'తిక్కననామధేయుడు'. తరువాత యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని హరిహరనాథునికి అంకితంగా రచించాడు. అందులోని గద్యలో ఆయన 'ఉభయకవిమిత్రుడు', కొమ్మనామాత్యుని పుత్రుడు, 'బుధారాధనవిరాజి', 'తిక్కన సోమయాజి'.

ఏది మారింది, ఏది మారలేదు అన్నది నిదానంగా చూడాలి. బిరుదు మారలేదు. తండ్రి పేరు మారలేదు. పండితులను ఆరాధించడమనే గుణం మారలేదు. మారినవి రెండే మాటలు. 'నామధేయ' స్థానంలో 'సోమయాజి' వచ్చింది, దానితో ప్రాస కలవడానికి 'విధేయ' పోయి 'విరాజి' వచ్చింది. శబ్దం కోసం జరిగినట్లు కనిపించే ఈ రెండో మార్పు అర్థాన్ని కూడా కదిలించింది. మొదటి గద్యలో కవి పండితుల ఆరాధనకు విధేయుడు. రెండోదానిలో ఆ ఆరాధనతో ప్రకాశించేవాడు. వినయం పోలేదు, కాని నిలుచున్న తీరు వేరైంది. పేరు అనే అర్థమిచ్చే 'నామధేయ'లో సమాచారం దాదాపు ఏమీ లేదు. ప్రాసకు తప్ప దేనికీ పనికిరాని ఆ చోటునే కవి ఖాళీ చేశాడు. కొత్తగా సంపాదించిన అర్హతను అక్కడ పెట్టాడు.

విస్తరణకు ఇంతకన్న పొదుపైన నమూనా దొరకదు. నిజానికి భారతకర్తకు చెప్పుకోవడానికి ఎన్నో ఉన్నాయి. నన్నయ విడిచిన మహాకార్యాన్ని అందుకున్నవాడు, హరిహరతత్త్వాన్ని ప్రతిపాదించినవాడు. వాటిని గద్యలో కూర్చలేదు. ఆ సంగతులు అవతారికలో, కావ్యంలో ఉన్నాయి.

'ఉభయకవిమిత్ర' అన్న మాటను రెండు కావ్యాల్లోనూ ఎందుకు నిలుపుకున్నాడన్నది మరొక ప్రశ్న. ఉభయకవులంటే సంస్కృతాంధ్ర కవులని ప్రసిద్ధమైన వ్యాఖ్య. ఇతర వ్యాఖ్యలూ ఉన్నాయి. ఏ వ్యాఖ్యను అంగీకరించినా ఆ మాటలో రెండు వైపులకు తలుపు ఉంది. ఉత్తరరామాయణానికి సరిపోయింది, భారతానికీ సరిపోయింది. మొదటే వెడల్పుగా ఎంచుకున్న మాటను తరువాత మార్చవలసిన పని పడలేదు. నా దృష్టిలో తిక్కన బిరుదు గొప్పతనం స్తుతిలో కంటే ఈ మన్నికలోనే ఉంది.

3. కోకిలా, గబ్బిలమా?

గద్య కవి చేతిలోనిది. బిరుదు సాధారణంగా ఇతరుల చేతిలోనిది. ఈ తేడా ఆధునిక కాలంలో ఎంత దూరం పోయిందో గుఱ్ఱం జాషువ విషయంలో స్పష్టమవుతుంది. 1895లో వినుకొండలో జన్మించిన జాషువను లోకం 'కవికోకిల' అన్నది, 'నవయుగకవిచక్రవర్తి' అన్నది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగిన ఘట్టం సుప్రసిద్ధం. వీటి వెనుక ఆదరం సత్యమే. కాని 'కోకిల' దేనిని ప్రశంసిస్తోంది? కంఠాన్ని, మాధుర్యాన్ని. పద్యం తియ్యగా ఉందన్న మెప్పులో పద్యం ఏమంటున్నదో పక్కకు తప్పుకొనే వీలుంది. అస్పృశ్యతను ప్రశ్నించిన కవికి శ్రావ్యతను కొలిచే బిరుదు ఇవ్వడం గౌరవమే అయినా ఇరుకైన గౌరవం.

1941లో వచ్చిన 'గబ్బిలం'లో అరుంధతీసుతుని సందేశాన్ని కాశీ విశ్వేశ్వరునికి మోసుకుపోవడానికి జాషువ ఎంచుకున్నది మేఘం కాదు, హంస కాదు, కోకిల అంతకన్నా కాదు. గుడిలోకి అడ్డులేకుండా పోగల, శుభకార్యాలకు పనికిరాదని లోకం తోసేసిన జీవిని ఎంచుకున్నాడు. లోకం తనకు ఇచ్చిన పక్షి ఒకటి, తాను ఎంచుకున్న ప్రాణి మరొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే బిరుదుకూ స్వీయపరిచయానికీ మధ్య ఉన్న దూరం తెలుస్తుంది.

తనకు తానుగా జాషువ చెప్పుకున్న మాట 'విశ్వనరుడు'. కులమతాల పంజరాలను నిరాకరిస్తూ ఆయన తీసుకున్న ఈ పేరు ఏ సభలోనూ ఎవరూ ప్రదానం చేసినది కాదు. నిర్మాణపరంగా చూస్తే దీనిలో రెండు పదాలున్నాయి. 'విశ్వ' అన్నది పరిధిని చివరిదాకా పెంచుతుంది. 'నరుడు' అన్నది ఎత్తును పూర్తిగా నేలకు దించుతుంది. చక్రవర్తి, సార్వభౌముడు, సమ్రాట్టు అనే మాటలన్నీ ఎత్తును పెంచేవి. వాటిలో పైకి పోవడమే ఉంది, పక్కకు జరగడం లేదు. ఎంత గొప్ప కవిచక్రవర్తి అయినా కవిత్వంలోనే చక్రవర్తి. నరుడన్న సామాన్యనామం మాత్రం కవిత్వం దాటి వెళ్లగలదు. 'క్రీస్తుచరిత్ర' రాసినవాడు, 'ఫిరదౌసి' రాసినవాడు, 'గబ్బిలం' రాసినవాడు ఒక్కడేనని ఏ బిరుదు కంటే ఈ మాటే బాగా చెబుతుంది.

పరిచయవాక్యం వెడల్పు కావాలంటే గొప్ప విశేషణం చేర్చాలన్నది సాధారణమైన అపోహ. 'ప్రముఖ', 'సుప్రసిద్ధ', 'బహుముఖప్రజ్ఞాశాలి' వంటివి ఎత్తు మాటలు. వాటితో పరిధి అంగుళమైనా పెరగదు.

ఇదే సూత్రం సాహిత్యం వెలుపల కూడా కనిపిస్తుంది. నందమూరి తారక రామారావుకు సినిమారంగం ఇచ్చిన పేరు 'విశ్వవిఖ్యాత నటసార్వభౌమ'. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించి ప్రజల్లోకి వెళ్లినప్పుడు ఆయనకు పనికివచ్చింది ఆ దీర్ఘసమాసం కాదు, 'అన్న' అనే రెండక్షరాల బంధువాచకం. సార్వభౌముడికి ప్రజలు కావాలి. అన్నకు తమ్ముళ్లు, ఆడపడుచులు ఉంటారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆ పిలుపు ఊరూరా స్థిరపడింది. ఈ విజయానికి రాజకీయ కారణాలు అనేకం. వాటిని ఒక్క పిలుపుకు ముడిపెట్టడం సరికాదు. ఆ పిలుపు వెండితెర గుర్తింపును చెరపకుండానే దానిని దాటించిందన్నంత వరకే ఇక్కడ చెప్పదలచినది. వ్యాపారరంగంలో ఆపిల్ సంస్థ 2007 జనవరిలో తన పేరులోని 'కంప్యూటర్' అన్న మాటను తీసివేయడం కూడా ఇటువంటిదే: ఫోను తయారుచేయబోతూ ఆ సంస్థ పేరుకు ఏమీ చేర్చలేదు, ఉన్నదానిలో ఒకటి తగ్గించింది.

4. మార్చకపోవడం కూడా ఒక నిర్ణయమే:

జంటకవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి ముందుగా మరణించారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను కూడా 'తిరుపతి వేంకటకవులు' అన్న జంటపేరుతోనే వెలువరించారు. ఏకాకిగా తాను చేసిన కృషికి విడిగా ముద్ర వేసుకునే అవకాశం ఉన్నా వద్దనుకున్నారు. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి పదవి మాత్రం ఆయనకు వ్యక్తిగా దక్కింది. పరిధి పెరిగినంత మాత్రాన వాక్యం మార్చితీరాలని లేదు. పాత పేరులో మరొకరికి భాగం ఉన్నప్పుడు మార్పు ధర్మసమస్య కూడా అవుతుంది. ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టుల్లో పనిచేసినవారికి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

5. పాలేరు, పద్మశ్రీ:

కోనసీమకు వస్తే, ఈ విషయానికి అత్యంత సమీపమైన ఉదాహరణ మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న. ఆయన 'పాలేరు' నాటకంలో పాలేరుగా ఉన్న బాలుడు చదువుకొని ఉన్నతాధికారి అవుతాడు. ఊరూరా ప్రదర్శితమైన ఆ నాటకం రచయిత పేరుతో విడదీయరాకుండా కలిసిపోయింది. అయితే భీమన్న 'పాలేరు' దగ్గర ఆగలేదు. 'జానపదుని జాబులు', 'రాగవైశాఖి', 1975లో కేంద్ర సాహిత్య అకాదమీ పురస్కారం అందుకున్న 'గుడిసెలు కాలిపోతున్నాయి' ఒక దానికొకటి పోలికలేని రచనలు. ఒక్క నాటకం పేరుతో గుర్తింపు పొందిన రచయితకు ఇది ఇరకాటమే. పాత పేరు వదిలితే చదువరులు దూరమవుతారు, పట్టుకుంటే మిగిలిన కృషి మరుగునపడుతుంది.

ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు 'పాలేరు నుండి పద్మశ్రీ వరకు'. ఇందులో పాత ముద్ర చెరిగిపోలేదు; వాక్యానికి అదే మొదలు. 'నుండి', 'వరకు' అన్న రెండు మాటలు ఆ ముద్రను ఒక ప్రయాణంలో తొలిమజిలీగా మార్చాయి. పేద దళిత కుటుంబంలో పుట్టిన కవి తన మూలాన్ని దాచి విస్తరించలేదు, చూపి విస్తరించాడు. ఈ ఎంపికలో ఒక సామాజిక ప్రకటన ఉంది: గమ్యం విలువ తెలియాలంటే బయలుదేరిన చోటు తెలియాలి. పద్యకవి చెవి కూడా ఇందులో పనిచేసింది. 'పా'కూ 'ప'కూ యతి చెల్లుతుంది. పేరు నాలుక మీద నిలవడానికి ఆ మైత్రి ఒక కారణం.

ఒక లోపం కూడా ఉంది. అది కవిది కాదు, ఆ వాక్యనిర్మాణానిది. భీమన్నకు పద్మశ్రీ 1973లో వచ్చింది. 2001లో పద్మభూషణ్ వచ్చింది. వాక్యం చెప్పిన 'వరకు'ను జీవితం దాటిపోయింది. పురస్కారాన్ని, పదవిని, సంవత్సరాన్ని గమ్యంగా పెట్టుకున్న పరిచయానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆత్మకథకు ఇది ఇబ్బంది కాదు, ఎందుకంటే గ్రంథం ఒక కాలానికి చెందినది. ఏళ్ల తరబడి పేరు కింద నిలవవలసిన వాక్యానికి మాత్రం ఇబ్బందే. ఇటీవల వచ్చిన పురస్కారంతో తమ పరిచయాన్ని ముగించే అధ్యాపకులు దీనిని ఆలోచించాలి.

6. ఓడలరేవు నుండి ఒక నమూనా:

పై పరిశీలనను ఒక ఊహాత్మక సందర్భానికి అన్వయించి చూద్దాం. మామిడికుదురు వైనతేయ పాయకు ఒక వైపున ఉంటే, ఆ పాయ సముద్రంలో కలిసేచోట రెండో వైపున, అల్లవరం మండలంలో ఓడలరేవు ఉంది. ఓడలు ఆగిన రేవు అని ఊరిపేరే చెబుతోంది. నేడు ఆ పేరు వినగానే ఓ.ఎన్.జి.సి. టెర్మినల్, ఇంజనీరింగ్ కళాశాల గుర్తుకు వస్తాయి. ఊరు తన పరిచయవాక్యాన్ని తాను మార్చుకోలేదు. మనిషికి ఆ వీలుంది.

ఈ తీరంలో తెలుగు బోధించే ఒక అధ్యాపకుడు మత్స్యకారుల పాటలపై పిహెచ్.డి. చేశాడనుకుందాం. అతని వాక్యం 'మత్స్యకారుల పాటల పరిశోధకులు'. పాటలు సేకరిస్తూ వలలకు, తెప్పలకు, గాలివాటానికి సంబంధించిన వృత్తిపదాలు రాసుకున్నాడు. తరువాత రేవుల పేర్లు, లంకల పేర్లు సేకరించాడు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసినవారి జ్ఞాపకాలను రికార్డు చేస్తున్నాడు. ఇప్పుడు పాత వాక్యం చాలదు.

మొదట తోచేది 'సాహిత్య, సాంస్కృతిక పరిశోధకులు'. ఇది రాష్ట్రంలో ఏ అధ్యాపకుడికైనా సరిపోతుంది కనుక ఇతనికి పనికిరాదు. రెండోది 'మత్స్యకారుల పాటలు, వృత్తిపదాలు, ఊరిపేర్లు, తుపాను జ్ఞాపకాల పరిశోధకులు'. ఇందులో ప్రతి మాటా నిజమే, కాని ఇది విషయసూచిక. రేపు అయిదో అంశం చేపడితే మరో కామా చేర్చాలి. మూడోది 'ఆంధ్రతీర మౌఖికసాహిత్య పరిశోధకులు'. వినసొంపుగా ఉంది, గుర్తుండిపోతుంది. కాని అతడు ఇచ్ఛాపురం తీరం చూడలేదు, తడ తీరం చూడలేదు. క్షేత్రపర్యటన లేని భూభాగాన్ని వాక్యంలో కలుపుకోవడం పరిశోధకుడికి చిన్నతప్పు కాదు. మౌఖికపరీక్షలో తన విద్యార్థి అటువంటి శీర్షిక పెడితే అతడే అభ్యంతరం చెబుతాడు.

నాలుగోది 'కోనసీమ తీరపు మాట, పాటల పరిశోధకులు'. పాతవాక్యంలోని 'పాట' నిలిచింది. దానిని ఎరిగినవారు ఇతనిని గుర్తుపడతారు. వృత్తిపదం, ఊరిపేరు, జ్ఞాపకం మూడూ 'మాట'లో ఇమిడాయి. 'మత్స్యకారుల' అన్న మాట పోయి 'తీరపు' అన్నది వచ్చింది. తుపాను జ్ఞాపకాలు చెప్పినవారిలో రైతులు, కొబ్బరి దింపువారు కూడా ఉన్నారు కాబట్టి ఈ మార్పు అవసరం. 'కోనసీమ' పరిధికి హద్దు గీసింది. మార్పు రెండు మూడు పదాలకు మించలేదు. తిక్కన చేసిన పని ఇదే.

అమలులో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. విద్వాన్ పుటలో, ఆర్కిడ్ ఖాతాలో, కళాశాల జాలస్థలిలో, పత్రికలకు పంపే వివరాల్లో వాక్యాన్ని ఒకేసారి, ఒకే రూపంలో మార్చాలి. ఒకచోట పాతది, ఒకచోట కొత్తది ఉంటే చదువరి ఇద్దరు మనుషులనుకుంటాడు. ఇదివరకే ప్రచురితమైన వ్యాసాల కింద ఉన్న పాతవాక్యాన్ని కదల్చరాదు. నిర్వచనోత్తర రామాయణంలో 'నామధేయ' నేటికీ అలాగే ఉంది. ఆ తేడా వల్లనే ఒక కవి ఎదుగుదలను ఇన్ని శతాబ్దాల తరువాత చదవగలుగుతున్నాం.

ఖరారు చేసేముందు వాక్యాన్ని ఇద్దరికి వినిపించాలి. ఒకరు అతని సిద్ధాంతగ్రంథం చదివిన సహాధ్యాపకుడు. మరొకరు రేవులో అతనికి పాటలు పాడి వినిపించిన వ్యక్తి. సహాధ్యాపకుడు అతిశయోక్తిని పట్టుకుంటాడు. పాడిన మనిషి అడిగే ప్రశ్న వేరు: ఇందులో మేమున్నామా? 'మత్స్యకారుల' అన్న మాట తీసివేసినందుకు ఆయన అభ్యంతరం చెప్పవచ్చు. ఆ పాటలు తీరానివి కావు, తమవి అనవచ్చు. అప్పుడు 'కోనసీమ మత్స్యకారుల పాట, తీరపు మాట' అని తిరగరాయవలసి వస్తుంది. వాక్యం కొంచెం పొడవవుతుంది, లయ కొంచెం కుంటుతుంది. అయినా నేను ఆ రూపాన్నే ఎంచుకుంటాను.